మలుపు దగ్గర రిమ్ము

మా వదిన ట్యూబుని నీళ్ళలో ముంచదు. గాలి కొట్టి, చెంపకి దగ్గరగా పెట్టుకుని మెల్లగా తిప్పుతుంది. ఎక్కడో ఒకచోట చల్లగా తగులుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడుతుంది. వేరేచోట్ల పంక్చర్ వేసేవాళ్ళు తొట్టెలో ముంచి బుడగలు చూస్తారు. మా పేటలో తొట్టెలో పోసేన్ని నీళ్ళు దొరికితే మనుషులే తాగుతారు.

నిజానికి ఆ పని మా అన్నది. లారీ టైరు విప్పుతుంటే అది మీద పడి నడుం పోయింది. మంచం పట్టాడు. అప్పటిదాకా వదినకి పానా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. అన్న మంచం మీంచి చెబుతుంటే నేర్చుకుంది. మొదట్లో మగాళ్ళు సైకిలు నడిపించుకుంటూ దాటిపోయేవాళ్ళు గానీ ఆగేవాళ్ళు కాదు. ఒకాయన ఆగి, "ఆడమనిషి వేసిన అతుకు ఎంతదూరం వస్తుందమ్మా?" అని నవ్వాడు.

"మీ ఇంటిదాకా వస్తుంది. అక్కడ ఊడితే మీ ఆవిడ చేత వేయించుకో" అంది వదిన.

ఆయన ఇప్పటికీ మా దగ్గరే వేయించుకుంటాడు.

రోడ్డు మలుపులో ఉన్న మా షాపంటే పెద్దగా ఏమీ లేదు. నాలుగు గుంజలు, పైన పట్టా, ముందు గుంజకి వేలాడే పాత లారీ రిమ్ము. రోడ్డు అవతల పేట మొత్తానికి ఉన్న ఒక్క కుళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో కుళాయికే తెలియదు, కట్టేయకుండా తెరిచే ఉంచుతాం. అందుకని ఎవరికి ముందు కనిపిస్తే వాళ్ళు పానా తీసుకుని రిమ్ము మీద కొట్టాలి. ఎదురుగా కూర్చునేది వదినే కాబట్టి దాదాపు ఎప్పుడూ ఆవిడే కొడుతుంది. ఆ చప్పుడు వినగానే పొయ్యి మీదది పొయ్యి మీదే వదిలేసి జనం పరుగెత్తుకొస్తారు. రోజంతా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? తెల్లారగానే ఎవరి వంతులో వాళ్ళు ఒక ఇటుకో, పగిలిన బకెట్టో, తెగిన చెప్పో పెట్టి పనులకు పోతారు. ఆ ఇటుకే ఆ మనిషి. దాన్ని తన్నితే మనిషిని తన్నినట్టే.

ఒకసారి రిక్షా మామ తాగొచ్చి సరదాకి రిమ్ము కొట్టాడు. పేటంతా ఖాళీ బిందెలతో వచ్చి నిలబడింది. వదిన అతన్ని అందరి ముందు నిలబెట్టి కడిగేసింది. అతని డబ్బాని తీసుకెళ్ళి వరస చివర పెట్టింది. ఆ వేసవంతా అది అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే ముందుకు జరపబోయేవాడు. వదిన ఇవతల నుంచి దగ్గేది. మళ్ళీ వెనక్కి పెట్టేవాడు.

ఇలా ఉండగా పేటని బాగుచేస్తామని ప్లానింగ్ వాళ్ళొచ్చారు. ఒకచోట నోడు కడతారట. నోడంటే బస్టాపు, ఆస్పత్రి గది, నీళ్ళ ట్యాంకు, కొన్ని షాపులు అన్నీ కలిపి ఒక్కచోట. రోడ్లన్నీ దాని చుట్టూ తిప్పుతారు. అది మా మలుపు దగ్గరైనా రావాలి, ఊరి చివర గోడౌన్ల పక్క మైదానంలోనైనా రావాలి. మలుపులో వస్తే అక్కడ ఇప్పటిదాకా పని చేసుకుంటున్నవాళ్ళకే ముందు షాపులు. గోడౌన్ల వైపు పోతే రోడ్డు అటు మళ్ళుతుంది, మా మలుపులోకి సైకిలు కూడా రాదు. వదిన పానా, అన్న మందులు, ఇద్దరి తిండి, అన్నీ నోడుకి గుర్తుగా వేసే ఒక్క రాయి ఎక్కడ పాతుతారన్న దాని మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ రాయి మోసేది నేనే. మేస్త్రీ కింద కూలిపని నాది.

"రేపు ప్లానింగ్ మేడమ్ వస్తారు, చూసి ఖాయం చేస్తారు. అంతా శుభ్రంగా ఉండాలని మీవాళ్ళకి చెప్పు" అన్నాడు మేస్త్రీ. అదే మాట వదినకి చెప్పాను. చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. రంగు మారిపోయింది.

ఈ పేటకి రాకముందు మేము మురుగుకాలవ గట్టున ఉండేవాళ్ళం. అక్కడికీ ఒకరోజు ఆఫీసరు వచ్చాడు. బండ్లు, గంపలు, ఆరేసిన బట్టలు అన్నిటికీ ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. రోడ్డు ఆక్రమించారు, చెత్త చేశారు అన్నారు. తర్వాత బుల్డోజరు వచ్చింది. వదిన పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా గోడ పడింది. ఆ రోజు నుంచి ఎవరైనా కెమెరా తీస్తే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే చీపురు కోసం వెతుకుతుంది.

మర్నాడు తెల్లవారుతూనే వదిన పేట మీద పడింది. కూరల బండి లోపలికి తోయించింది. చెట్టు కింద పాచికలాడే ముసలాళ్ళని లేపి ఇళ్ళకి పంపింది. చివరికి కుళాయి దగ్గర ఇటుకలు, బకెట్లు కూడా ఏరి గోడ వెనకాల పోసింది.

"నా ఇటుక తీస్తున్నావేంటే?" అంది పై వీధి ముసలమ్మ.

"వరసలో నీ చోటెక్కడో నాకు తెలుసులే. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పెడతాను. లోపలికి పో పెద్దమ్మా, గొడవ చేయకు."

"నీళ్ళొచ్చి మూడు పొద్దులైంది. ఇవాళ వస్తే?"

"వస్తే నేను కొట్టనా?"

తన సామాను కూడా పట్టా కిందికి తోసేసింది. షాపు ముందు రోడ్డు ఊడ్చింది. పట్టా కింద మంచం మీంచి అన్న చూస్తూ, "ఇంత ఊడిస్తే రోడ్డు అరిగిపోతుందే, మళ్ళీ వాళ్ళే వేయాలి" అన్నాడు. వదిన నవ్వలేదు.

జీపు వచ్చేసరికి మలుపులో ఒక్క మనిషి లేడు. నేను వెనకాల రాయీ గడ్డపారా పట్టుకుని దిగాను. మేడమ్ చుట్టూ చూసింది. కెమెరా ఆయన అటూ ఇటూ తిరిగాడు.

"ఇక్కడ జనం ఆగరా?" అంది మేడమ్.

"అస్సలు ఆగరండీ. చాలా మంచి జనం. ఎవరి పని వాళ్ళది" అన్నాడు మేస్త్రీ, మెచ్చుకుంటున్నాననుకుని.

ఆ మాట మేడమ్ చెవిలో ఎలా పడుతుందో నాకు తెలుస్తూనే ఉంది. నోరు విప్పితే మేస్త్రీ రేపటి నుంచి పనిలోకి రానివ్వడు.

"మరి జనమే కలవని చోట నోడు పెట్టి ఏం చేస్తాం? గోడౌన్ల వైపే నయం. లారీలవాళ్ళన్నా ఆగుతున్నారు" అంది మేడమ్. "పదండి."

వదిన పట్టా పక్క నుంచి బయటికొచ్చింది. "మేడమ్ గారూ, అందరూ ఇక్కడే ఉంటారండీ. ఇవాళ మీరొస్తున్నారని మేమే..."

"నువ్వుండమ్మా" అన్నాడు మేస్త్రీ.

మేడమ్ కసరలేదు. నెమ్మదిగానే చెప్పింది. "మా దగ్గరే జనం ఎక్కువని గోడౌన్లవాళ్ళూ అన్నారమ్మా. అందరి మాటా నమ్మితే నేను ఎన్ని కట్టాలి?" అని జీపెక్కింది. మేస్త్రీ నాకు చెయ్యి ఊపాడు, రాయి ఎక్కించమని.

నేను రాయి ఎత్తుతూ వదిన వైపు చూశాను. ఆవిడ కుళాయిని చూస్తోంది. దాని కింద నేల తెల్లగా ఎండిపోయి ఉంది. తర్వాత గుంజకి ఆనించిన పానాని చూసింది.

"వదినా, వద్దు" అన్నాను.

మంచం మీద అన్న కూడా మోచేతి మీద లేచాడు. "అది మాత్రం చేయకే."

వదిన పానా తీసుకుని కొట్టింది. ఆగకుండా కొట్టింది. అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

ముందు ఒక తలుపు, ఆ వెంటనే అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఒక్కసారిగా సందులన్నీ మలుపులోకి కారినట్టయింది. బిందెలు, క్యాన్లు, చంకలో పిల్లలు, సగం గీసిన గడ్డాలు. గోడ వెనక నుంచి ఎవరి ఇటుక వాళ్ళు తెచ్చుకుని గబగబా వంతుల్లో పెట్టుకున్నారు. జీపు కదలడానికి దారి లేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి మానేశాడు.

ముందున్న ముసలమ్మ కుళాయిని ఇంకాస్త తిప్పింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తిప్పింది. వెనక గోల మెల్లగా అణిగిపోయింది.

"ఎవరు కొట్టారు?" అని అడిగారు జనంలో ఎవరో.

"నేనే" అంది వదిన.

ఖాళీ బిందె పట్టుకున్నవాళ్ళ కళ్ళలోకి చూడటం కష్టం. రిక్షా మామ ముందుకొచ్చాడు. ఇంతకాలం కడుపులో దాచుకున్నట్టున్నాడు, నింపాదిగా అడిగాడు. "మరైతే నా డబ్బా ముందుకొస్తుందా అమ్మా, నీ బిందె వెనక్కెళుతుందా?"

"నా బిందె వెనక్కెళుతుంది" అంది వదిన.

మేడమ్ జీపు దిగింది. "ఏం జరిగింది? వీళ్ళంతా ఎందుకొచ్చారు?"

మేస్త్రీ ఏదో చెప్పబోయాడు. వదిన అతన్ని దాటొచ్చి నిలబడింది. "నీళ్ళొచ్చాయని అబద్ధం కొట్టానండీ. వీళ్ళందరూ రోజూ ఇక్కడే ఉంటారు. పొద్దున్న నేనే ఇళ్ళల్లోకి తోశాను, మీకు చెత్తగా కనిపిస్తుందని."

మేడమ్ కింద ఇటుకల వరస చూసింది. "ఇవేంటి?"

"అది నేను" అంది ముసలమ్మ ఒక ఇటుక చూపించి. "ఆ పక్కన బకెట్టు మా కోడలు. అది ఇంకా లేవలేదు, బకెట్టే ముందొచ్చింది."

వెనక ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు. మేడమ్ వరస వెంట చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. మొహం చూస్తే కోపమో ఏమిటో తెలియడం లేదు. కెమెరా ఆయనతో, "వీటిని వరసగా తీయండి. కుళాయి, ఆ రిమ్ము కూడా" అంది.

కెమెరా పైకి లేచేసరికి వదిన ఖాళీ చెయ్యి చీపురు కోసం పక్కకి వెళ్ళింది. కాలవ గట్టు గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది. పక్కకి తప్పుకోకుండా అలాగే నిలబడింది. ఫోటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఫోటోలు అయ్యాక మేడమ్ నావైపు తిరిగింది. "ఆ రాయి దించండి. కుళాయి పక్కన పాతండి."

నేల గట్టిగా ఉంది. గడ్డపార వేసినప్పుడల్లా చేతులు జివ్వుమన్నాయి. మామూలుగా మావాళ్ళు ఇలాంటప్పుడు చుట్టూ చేరి సలహాలిస్తారు. ఆ రోజు ఒక్కరూ ఉండలేదు. ఖాళీ బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం నిజంగానే నీళ్ళొచ్చాయి. వదిన రిమ్ము కొట్టింది. ఎవరూ రాలేదు. ఒక సందులోంచి, "ఇవాళ ఏ మేడమ్ వచ్చింది?" అని కేక వినిపించింది. నీళ్ళు నేలపాలవుతున్నాయి. వదిన కుళాయి కింద ఒక బిందె పెట్టి, చీర దోపుకుని ఇంటింటికీ పరుగెత్తింది. తలుపులు కొట్టింది. తడిసిన చేతులు చూపించింది. సగం మందికే అందాయి.

సాయంత్రం పానా తీసుకెళ్ళి రిక్షా మామ చేతిలో పెట్టింది.

"నాకెందుకు? నేను తాగుబోతుని కదా" అన్నాడతను.

"నువ్వు తాగి కొట్టావు. నేను తెలిసి కొట్టాను. ఉంచు."

ఇప్పుడు మలుపులో పునాదులు తవ్వుతున్నారు. ఆ మట్టి మోసేదీ నేనే. వదినకి చివరి షాపు ఇస్తామన్నారు, గోడకి సున్నంతో గీత కూడా గీశారు. ఆవిడ బిందె మాత్రం ఇంకా వరస చివరే ఉంది. ముందుకు జరపమని ముసలమ్మే రెండుసార్లు అంది. జరపలేదు.

నీళ్ళొస్తే ఇప్పటికీ ముందు కనిపించేది వదినకే. "మామా, వచ్చాయి" అని కేకేస్తుంది. రిక్షా మామ పానా పట్టుకుని వస్తాడు. రిమ్ము దగ్గరికి కాదు. రోడ్డు దాటి, కుళాయి కింద చెయ్యి పెట్టి, అరచేయి తడిసిందో లేదో చూసుకుని, అప్పుడు వెనక్కి వచ్చి కొడతాడు. వదిన ఆ కాసేపూ తల వంచుకుని ట్యూబు చెంపకి ఆనించుకుని తిప్పుతూ ఉంటుంది.