నక్క వేషం కట్టే సదానందం

శకుంతలను సదానందం మాటతో గెలిచిన రోజు కట్టమ్మ ఎదురుగానే గద్దె మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. ఆ గల్లీలో శకుంతల నోటి ముందు నిలబడేది తానొక్కతే అని కట్టమ్మకు గట్టి నమ్మకం. ఆ రోజు ఆ లెక్కలో ఇంకొకరు చేరారు.

శకుంతల కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డ వాపసు తీసుకోవడానికి వచ్చింది. నెమ్మదిగా అడిగి తీసుకుపోతే సరిపోయేది. పక్క హోటల్ ముందర చాయ్ తాగేవాళ్లందరికీ వినబడేటట్టు అడిగింది.

"బొచ్చు తోలు కప్పుకొని ఎవలెవలతోనో తిరిగేటోని చేతుల నా జాకెట్టు ఉండొద్దు. ఇటియ్యి."

సదానందం మిషను ఆపలేదు. కుట్టు కొసదాకా పోనిచ్చి, దారం తెంపి, అప్పుడు తల ఎత్తాడు.

"ఇస్త అక్కా. గని ఒక్క మాట. పోయిన పీరీల పండుగకు భాస్కరన్న మొక్కుకు పులి వేషం కట్టిండు. ఆ తోక కుట్టింది నేనే. నువ్వే ఎదురొచ్చి కాళ్లకు నీళ్లు ఆరబోసి దండం పెట్టినవ్. గా తోకతోని రాత్రికి ఏడికి పోతవని అన్నను ఎవలన్న అడిగిండ్లా?"

భాస్కర్ శకుంతల మొగుడు. అప్పటికి చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాడు. పక్కవాళ్లు నవ్వితే తానూ నవ్వాలో వద్దో తెలియక గ్లాసులోకి చూశాడు. శకుంతల గుడ్డను మళ్లీ బల్ల మీద పడేసి, "చేతులు పొట్టిగ పెట్టు" అని చెప్పి వెళ్లిపోయింది.

కట్టమ్మకు తానే గెలిచినంత సంబరమైంది. "మంచిగ గడ్డి పెట్టినవ్ రా," అంది.

"గెలిచిన గని పెద్దమ్మా, నిజం చెప్పి గెలవలే," అన్నాడు సదానందం. "భాస్కరన్నది మొక్కు. నాది మొక్కు గాదు గద."

గెలిచినవాడు ఇట్లా మొహం వేలాడేసుకోవడం కట్టమ్మకు నచ్చదు. పీకిన చిక్కుడు నారలన్నీ అతని గుమ్మం ముందే దులిపి లోపలికి పోయింది.

ఖిలా వరంగల్‌కు పోయే తోవలో సదానందం మిషను పెట్టుకున్న షట్టరు కట్టమ్మదే. మొగుడు పోయాక ఇంటి ముందరి అర్రకు షట్టరు పెట్టించి కిరాయికిచ్చింది. సదానందం అందులో చేరి పదేళ్లు దాటింది. చిన్నప్పుడే మేనమామ వెంట భివండి పోయి మగ్గాల మీద పనిచేశాడు. ఆ దుమ్ము ఛాతీకి పడక తిరిగొచ్చి కుట్టుపని నేర్చుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా సంబంధం మాట ఎత్తితే సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంటాడు. ఎక్కిన దారాన్నే మళ్లీ ఎక్కిస్తాడు. మనుషుల మొహం చూసి మాట్లాడటం అతనికి చేతకాదు. ఆడవాళ్లు ఏ గుడ్డ తెచ్చినా కొలతకు ఆది జాకెట్టు ఇచ్చిపొమ్మంటాడు. టేపు ఎవరి ఒంటికీ తగలనివ్వడు.

ఫంక్షన్లకు వేషాలు కుట్టడం ముందునుంచీ ఉంది. ఒకసారి బెంగళూరు నుంచి ఎవరో ఫోన్ చేసి, నక్క తల కావాలి, దవడ కదలాలి, లోపల గాలి ఆడాలి అన్నారు. సదానందం స్పాంజి కోసి, బొచ్చు గుడ్డ అంటించి, కండ్లకు జాలీ గుడ్డ పెట్టి నెలరోజులు కష్టపడ్డాడు. పంపే ముందు ఒకసారి తల మీద పెట్టుకుని చూసుకున్నాడు. అప్పుడే కట్టమ్మ నీళ్ల బిందెతో అటు వచ్చింది.

"పెద్దమ్మా, బాగున్నవా?" అంది నక్క.

పదేళ్లలో సదానందం తనంతట తాను ఆమెను పలకరించడం అదే మొదలు. బిందె దించి కట్టమ్మ ఆ నక్కతో చానాసేపు మాట్లాడింది. వాళ్ల ఊరి పల్లి చేన్ల దగ్గర నక్కలు కూసేవని, ఆ కూతకు తాను తిరిగి కూసేవాడినని నక్క చెప్పింది. తల తీయగానే సదానందం మళ్లీ నోరు మూసుకున్నాడు.

తర్వాత తనకోసం ఒక నక్క వేషం కుట్టుకున్నాడు. అట్లాంటి వేషాలు ఇష్టపడేవాళ్ల గుంపు ఒకటి ఫోన్‌లో దొరికింది. బొమ్మలు గీసేవాళ్లు, కథలు రాసేవాళ్లు, వేషం కొనే తాహతు లేక వట్టి తోక పెట్టుకునేవాళ్లు, రకరకాల వాళ్లున్నారు. ఒక ఆదివారం హైదరాబాదు నుంచి నలుగురు వచ్చారు. ఖిలాలో రాతి తోరణం దగ్గర వేషాలతో ఫోటోలు దిగారు. చూడవచ్చినవాళ్లూ ఎగబడి సెల్ఫీలు దిగారు. ఎవడో వీడియో తీసి, వీళ్లంతా పడక సుఖం కోసమే ఈ వేషం కడతారని కింద రాసి వదిలాడు. సాయంత్రానికల్లా అది గల్లీకి చేరింది. శకుంతల కొట్లాట అందుకే.

కొట్లాట గెలిచినా గొడవ ఆగలేదు. ఆడవాళ్లు జమై కట్టమ్మ దగ్గరికి వచ్చారు. షట్టరు ఖాళీ చేయించమన్నారు. కట్టమ్మ అంత తొందరగా ఒకరి మాట వినే మనిషి కాదు. అట్లని ఆమె కడుపులో అనుమానం లేదనీ కాదు. అప్పుడే హనుమకొండలో చదువుకునే మానస అనే పిల్ల సర్వేకు వస్తోందని సదానందం చెప్పాడు. ఈ వేషాల వాళ్లనే అడిగే సర్వే అట.

"ఆగుండ్లి మరి. సర్వేల ఏం తేలుతదో సూసి చెప్త," అంది కట్టమ్మ. సర్వే అంటే ఆమెకు తెలిసింది ఒకటే. ఇంటికొచ్చి రాసుకుపోతారు, కొన్నాళ్లకు ఫలానా వాళ్లకు పింఛను ఉంది, ఫలానా వాళ్లకు లేదు అని తేల్చి చెబుతారు.

మానస వచ్చి షట్టరులో స్టూలు మీద కూర్చుని మొదటి ప్రశ్న అడిగిందో లేదో, గల్లీ అంతా అక్కడే ఉంది. సర్వే వాళ్లొస్తే గుంపు గూడి ఒకరి జవాబు ఇంకొకరు చెప్పడం అక్కడి అలవాటు. వయసు భాస్కర్ చెప్పాడు. చదువు శకుంతల చెప్పింది. ఈ వేషానికీ, ఆడ మగ కోరికలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న దగ్గరికి రాగానే సదానందం నోరు తెరిచాడు. కట్టమ్మ అడ్డం పడింది.

"రాస్కో బిడ్డా. గసొంటియి ఏం లెవ్వు. మావోడు బంగారం."

మానస జవాబులు ఎక్కిస్తున్న ఫోన్ పక్కన పెట్టింది. "అవ్వా, గిది ఆయన చెప్పాలె."

"నేను చెప్తె తప్పేంది? పదేండ్ల నుంచి చూస్తాన."

గుంపు చెదిరాక కట్టమ్మ మాత్రం కదలలేదు. "మరి తేలిందేంది?" అని నిలదీసింది. మానస ఓపికగా చెప్పింది. ఇది ఒక మనిషి మంచిచెడ్డలు తేల్చేది కాదు. పేరు కూడా రాయరు. బయటి దేశాల్లో ఇట్లాంటి వేషాలవాళ్లను వేలమందిని అడిగినవాళ్లున్నారు. ఎక్కువమంది దోస్తుల కోసం, బొమ్మల కోసం, తాము ఇంకొకరుగా ఉండటం కోసం ఈ గుంపుల్లోకి వచ్చామన్నారు. కోరిక కూడా అందులో కొంత ఉందన్నవాళ్లూ తక్కువేం లేరు. దానికోసమే వచ్చామన్నవాళ్లు మాత్రం కొందరే. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు, ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు బయటికంటే ఆ గుంపుల్లో ఎక్కువ కనబడ్డారు.

ఆ మాటకు సదానందం సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

"కోరిక ఉందా అంటే ఒక జవాబు, దానికోసమే వచ్చినవా అంటే ఇంకో జవాబు," అంది మానస. "జనం రెండూ ఒక్కటే అనుకుంటాండ్లు."

కట్టమ్మ అందుకుంది. "మేడారం జాతరల తాగినవా అంటే మా ఆడకట్టు సగం తాగిన అంటరు. తాగనీకె వచ్చినవా అను, చెప్పు తీస్కొని కొడ్తరు."

మానస నవ్వింది. "గదే అవ్వా."

తన మాట చదువుకున్న పిల్ల ఒప్పుకున్నందుకు కట్టమ్మ మెడ నిక్కింది. కానీ సదానందం నవ్వలేదు. సర్వేలో ఏమీ తేలదని తెలిశాక షట్టరు సంగతి కట్టమ్మ మెడకే చుట్టుకుంది. గల్లీకి ఏం చెబుతుంది?

మిగిలిన ప్రశ్నలు అడగడానికి వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి మానస ఆటో ఎక్కింది. సదానందం మిషను మీద బట్ట కప్పి, కప్పినదాన్ని మళ్లీ సర్దాడు.

"నన్ను ఖాళీ చేపిస్తవా పెద్దమ్మా?"

"నువ్వు గసొంటోనివి గాదని ఒక్క మాట చెప్పు. ఎవ్వలొచ్చినా నేను చూస్కుంట."

"గట్ల చెప్తె శకుంతలక్క కాడ గెలిచినట్టే అయితది. ఏం లేదంటె అబద్ధం. అంత గదే అంటె ఇంకా పెద్ద అబద్ధం. పుట్టినకాంచి ఒక్కలు నన్ను తిన్నగ అడగలే. ఈ పిల్ల అడుగుతాంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఉన్నది."

"నాకు చెప్పరాదు మరి?"

సదానందం లేచి పెట్టెలోంచి నక్క తల తీశాడు. పెట్టుకుంటాడేమో అనుకుంది కట్టమ్మ. పెట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకుని, పదేళ్లలో మొదటిసారి ఆమె మొహంలోకి చూసి మాట్లాడాడు.

"ఆదివారం షట్టరు సగం దించుత. బయట కుర్చీ ఏసుకొని నువ్వు కూసో. గల్లీల ఒక్కలను దగ్గరికి రానియ్యకు. నువ్వు గూడ చెవి ఆనియ్యకు. పిల్ల పోయినంక ఏం చెప్పినవ్ రా అని అడగకు, రేపడగకు, ఎన్నడు అడగకు. అడగకుంటనే నన్ను ఉంచు పెద్దమ్మా."