ఎంపీగారిని నేను పొగిడిన విధం

నా జీవితంలో ఒకే ఒక్కసారి మైకు పట్టుకున్నాను. ఏడు నిమిషాలు మాట్లాడాను. ఆ ఏడు నిమిషాల్లో ఒక పార్లమెంటు సభ్యుడికి ఏసీ హాల్లో చెమటలు పట్టించాను, ఒక సంఘాధ్యక్షుడి చేత బీపీ మాత్ర మింగించాను, హాలు హాలంతా కడుపు పట్టుకుని నవ్వేలా చేశాను. నిజానికి వీటిలో ఏ ఒక్కటీ నేను చేయాలనుకున్నది కాదు. నేను చేయాలనుకున్నది పొగడటం, అంతే.

అప్పట్లో నేను కువైట్‌లోని షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్ని. ఫర్వానియాలో ఆరుగురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్లం. కోనసీమలో పుట్టినందువల్ల మాటల్లో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. పగలంతా నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకునే మనిషికి ఇంత నమ్మకం ఎలా కుదిరిందని మాత్రం అడగకండి. గదిలో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఉపన్యాసం నాదే. మధ్యలోనే చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు నన్ను ఆపి కేకు కోసుకోవడానికని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడాది రాయలసీమ నుంచి ఒక ఎంపీగారు కువైట్ వస్తున్నారు. పేరు చెప్పను. ఆయన ఇప్పటికీ ఎంపీయే, నేను ఇప్పటికీ సెలవులకు ఊరెళ్లి వచ్చేవాణ్నే. పూర్వాశ్రమంలో ఆయన లాయరు. మా తెలుగు సంఘం అధ్యక్షుడు పరంధామయ్యగారు నన్ను పిలిచారు.

"సూర్యనారాయణా, ఎంపీగారి పరిచయం నువ్వు చెయ్యి. జీవితం, వృత్తి, సేవ. మూడు నిమిషాలు."

"అంత పెద్దమనిషి జీవితం మూడు నిమిషాల్లో ఎలా ఇముడుతుందండీ?"

"ఇమడకపోతే కత్తిరించు."

ఎంపీగారి పీఏ వాట్సాప్‌లో పంపిన వివరాలు చూస్తే కత్తిరించడానికేమీ లేదు. 'పద్దెనిమిదేళ్లు న్యాయవాది. తర్వాత లోక్‌సభ సభ్యులు. సౌమ్యులు.' అంతే. మా స్టోర్లో రెంచికి కూడా ఇంతకంటే ఎక్కువ వివరం రాస్తాం.

ఈ సంగతి తెలిసి చిట్టెమ్మక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా రాజోలు వైపు మనిషి, రుమైథియాలో ఒక ఇంట్లో పని. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని 'మామా' అంటారు, వీసా ఇచ్చే యజమానిని 'కఫీల్' అంటారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"తమ్ముడూ, పాత ఇంటి మామా నా పాస్‌పోర్టు ఇవ్వట్లేదు రా. కఫీల్ మారి రెండేళ్లయింది. ఇప్పుడున్న మామా మంచిదే, సెలవిత్తానంటంది. పాస్‌పోర్టు లేపోతే ఇమానం ఎవడెక్కనిత్తాడు? మా పిల్లకి ఎనిమిదో నెల. పురుడు పొయ్యడానికి దానికి నేను తప్ప ఎవరున్నారు?"

"అక్కా, నా ఉపన్యాసం విన్నాక ఆయన మనసు వెన్నలా కరిగిపోతుంది. సరిగ్గా అప్పుడు నీ అర్జీ ఆయన చేతిలో పెడతాను చూడు."

"ఆయన్ని పొగడ్డానికేనా? అయితే మా పక్కింటి డ్రైవరు మస్తాన్ భాయిని అడుగు. వాళ్లదీ ఆ ఊరే. భాయి కేసు ఆ ఎంపీయే చూసేవోడంట."

శుక్రవారం పొద్దున్నే పుస్తకం, పెన్ను పట్టుకుని రుమైథియా వెళ్లాను. మస్తాన్ భాయ్ యజమాని కారు కడుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. ముఖం రాతితో చెక్కినట్టుంది.

"భాయ్, ఎంపీగారు మీ లాయరట కదా?"

ఆయన గుడ్డ పిండటం ఆపాడు. "అవునన్నా. నా చేను గట్టు కేసు ఆయన చేతిలోనే పెట్టినా."

"వాదన ఎలా ఉండేది?"

"అబ్బ! అట్లాంటి లాయరు యాడన్నా దొరుకుతాడా? ఆయన లేసి నిలబడితే చాలు, జడ్జి ఫైలు మూసేసేటోడు."

నేను గబగబా రాసుకున్నాను. "మరి మీ కేసు?"

"పదకొండేండ్లు కన్నబిడ్డ మాదిరి సాకినాడన్నా. ఇంగొకరి చేతికి పోనియ్యలే."

"అవతలి పక్షంవాళ్లు?"

"వాళ్లకు ఆయనంటే ప్రాణం. కాపు రాంగానే వాళ్ల తోట మామిడిపండ్లు ముందు ఈయన ఇంటికే పొయ్యేటివి."

"మీకు ఆయన చేసిన మేలు?"

"నేను ఈపొద్దు కువైట్‌లో ఉండానంటే ఆయన చలవే గదన్నా."

పాఠకులారా, మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. మా గోదావరి వాళ్లు వెటకారమాడితే ఎక్కడో పెదవి చివర ఒక నవ్వు తొంగిచూస్తుంది. మస్తాన్ భాయ్ ముఖంలో ఈగ వాలినంత కదలిక కూడా లేదు. అందుకని అంతా భక్తే అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ మాటలకు గ్రాంథికం పూత పూసి, నా సొంత అలంకారాలు నాలుగు తగిలించాను.

ఆ సాయంత్రమే సభ. వేదిక మీద ఎంపీగారు, ఆయన పక్కన పరంధామయ్యగారు. జేబులో చిట్టెమ్మక్క అర్జీ పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాను.

"సభాసదులారా! వీరు న్యాయస్థానంలో లేచి నిలబడిన మరుక్షణం న్యాయమూర్తి ఫైలు మూసివేసేవారు!"

వెనక వరుసల్లో ఎంపీగారి వైపు రాయచోటి వాళ్లు గొల్లుమన్నారు. అది ఆనందమనుకున్నాను. ఎంపీగారు కూడా చిరునవ్వు నవ్వారు.

"చేపట్టిన కేసును పదకొండేళ్లు కన్నబిడ్డలా సాకారు! ఆ బిడ్డను విడిచిపెట్టడానికి వీరికి మనసొప్పలేదు!"

ఎవరో ఈల వేశారు. ఎంపీగారి చిరునవ్వు ఉన్నచోటే ఉంది గాని, గోడకు కొట్టిన మేకులా బిగుసుకుంది. పరంధామయ్యగారు వెనకనుంచి నా చొక్కా లాగుతూ ఏదో గొణుగుతున్నారు. 'కానీ, కానీ' అని ఉత్సాహపరుస్తున్నారనుకున్నాను. ఆయన అంటున్నది 'ఖలాస్, ఖలాస్', అంటే ఇక చాలించమని, తర్వాత తెలిసింది.

"ప్రత్యర్థులు సైతం వీరికి ప్రేమతో మామిడిపండ్లు పంపేవారు! అంతటి నిష్పక్షపాతులు!"

"ఏ రకమన్నా?" అని వెనకనుంచి కేక.

"బంగినపల్లి!" అన్నాను తడుముకోకుండా. ఆ జవాబు నోట్సులో లేదు. స్ఫూర్తి అంటారే, అది.

"ఈ సభలో ఇంతమంది సీమ సోదరులు కువైట్ చేరుకున్నారంటే, అదంతా వీరి చలవే!"

హాలు కప్పు ఎగిరినంత పనైంది. ఒకాయన కుర్చీ ఎక్కి, "నిజమే! నేను గూడా ఆయన క్లయింటునే!" అన్నాడు. "నేను గూడా!" అన్నాడు ఇంకో మూలనుంచి ఇంకొకాయన. చేతులు లేస్తూనే ఉన్నాయి. నేను ఆనందం పట్టలేక చివరి వాక్యం చదివేశాను.

"అట్టి మహానుభావులు నేడు పార్లమెంటులో కూర్చుని, దేశ సమస్యలన్నిటినీ అదే ఓర్పుతో సాకుతున్నారు!"

చప్పట్ల మధ్య పరంధామయ్యగారు నా చెవిలో అన్నారు: "ఒరే, ఏం చదివావో నీకు తెలుస్తోందా?"

అప్పుడు తెలిసింది. ఒక్కో వాక్యమూ వెనక్కి తిరిగొచ్చి నా చెంప వాయించింది. న్యాయమూర్తి ఫైలు మూసింది వాయిదా వెయ్యడానికి. మామిడిపండ్లు వచ్చింది కేసు సాగదీసినందుకు. మస్తాన్ భాయ్ కువైట్ వచ్చింది చేను పోగొట్టుకుని. జేబులో అర్జీ గుర్తొచ్చింది. కరగాల్సిన మనసును నేనే కాంక్రీటు పోసి బిగించేశాను. ఇక ఏ ముఖంతో ఇవ్వను?

"ఇటియ్యి తమ్ముడూ," అని చిట్టెమ్మక్క ఎప్పుడొచ్చిందో నా జేబులోంచి కాగితం లాక్కుని, తిన్నగా ఎంపీగారి ముందుకు వెళ్లింది.

"బాబుగారండీ, తమరు దేన్నయినా పదకొండేళ్లు సాకుతారని మా తమ్ముడు చెప్పాడండి. దీన్ని మాత్రం అలా సాకకండి బాబూ. మా పిల్లకి ఎనిమిదో నెలండి."

ఆమె అమాయకంగా అన్నదో, ఎరిగే అన్నదో ఈరోజుకీ చెప్పదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సెల్‌ఫోన్లు మాత్రం పైకి లేచాయి. ఎంపీగారు అర్జీ చదివి గొంతు సవరించుకున్నారు.

"తప్పకుండా పరిశీలించి, త్వరలో..."

"వాయిదా!" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఆయన తన వైపు తిరిగి ఉన్న ఫోన్లన్నిటినీ ఒకసారి చూశారు. తన ఫోను తీసి, అక్కడే అందరి ముందే ఎంబసీలో ఒక అధికారికి చేశారు. పది నిమిషాలు మాట్లాడారు. ఒక్కో అంశం విడదీసి, అవతలివాళ్లకు తప్పించుకునే సందివ్వకుండా ఎంత చక్కగా మాట్లాడారో! ఆయన నిజంగా మంచి లాయరేనని మాకందరికీ అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్లు ఆ సంగతి కోర్టుకు తెలియకుండా దాచుకున్నారు, అంతే.

మూడు వారాల్లో పాస్‌పోర్టు వచ్చింది. పురిటికి నాలుగు రోజుల ముందే చిట్టెమ్మక్క ఇల్లు చేరింది. 'ఎడారిలో ఆడపడుచు కన్నీరు తుడిచిన నాయకుడు' అని తర్వాతి ఎన్నికల్లో కరపత్రం వేసుకున్నారు. అందులో ఫొటో కూడా ఉంది. ఎంపీగారూ, చిట్టెమ్మక్కా, ఒక పక్కన సగం నా మోచెయ్యీ.

సభ జరిగిన మరుసటి శుక్రవారమే మస్తాన్ భాయ్ మీదికి యుద్ధానికి వెళ్లాను.

"వెటకారమని ఒక్క మాట చెప్పచ్చు కదా భాయ్! పరువు పోయింది!"

ఆయన కారు అద్దం తుడుస్తూనే అన్నాడు: "చెబుదామనుకున్నా అన్నా. నువ్వు తల వంచుకుని రాసుకుంటాంటే నోరు రాలే. పదకొండేండ్లు ఆ కోర్టు చుట్టూ తిరిగినా. నేను చెప్పింది చెప్పినట్లు రాసుకున్న మొదటోనివి నువ్వే."

యుద్ధం అక్కడితో ముగిసింది. ఆయన చాయ్ పోశాడు, తాగి వచ్చేశాను.

సంఘం ఉపన్యాసకుల జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. సభ్యులేమో ప్రతి సభకూ నేనే కావాలని పట్టుబడుతున్నారు. కువైట్ వచ్చే నాయకుల పీఏలు మాత్రం "ఆ స్టోర్‌కీపరు మాట్లాడడు కదా?" అని ముందే అడుగుతున్నారట.

కాబట్టి ఇందుమూలంగా సమస్త తెలుగు ప్రజల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం పోయినా ఇంకెవరినీ పొగడను. ఎవరి నోటినుంచి పొగడ్త వచ్చినా, వాళ్లకు కోర్టులో కేసేమైనా ఉందేమో కనుక్కోకుండా నమ్మను. మొన్న మా ఆవిడ ఫోను చేసి, "మీ అంత తెలివైనవాణ్ని నేనెక్కడా చూళ్లేదండీ," అంది. పెన్ను తీశాను గాని, రాసుకోలేదు.