చెల్లిన వేలు

పటమటలో ఓ టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడిగే అమలమ్మ చేతులకు రెండు జతల గ్లవుజులు వేసుకుంటుంది. లోపల నూలువి, పైన రబ్బరువి. "ఆపరేషనుందా, డాక్టరమ్మా?" అని దోశెల మాస్టరు రోజూ ఏడిపిస్తాడు. ఆమె పట్టించుకోదు. పని కాగానే చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే వేలి సందులకు కూడా వాజలైన్ పట్టిస్తుంది. పదేళ్లు సబ్బుపొడిలో నానిన ఆ చేతులు పగిలి, పొట్టు లేచి, నెత్తురు కారేవి. ఒంట్లో వేడి అనుకుని మజ్జిగ తాగింది. గజ్జి అనుకుని చుట్టాలు ఆమె వడ్డిస్తే తినడం మానేశారు. అది అంటుకునేది కాదని, సబ్బు పడక వచ్చిన ఎగ్జిమా అని మూణ్ణెల్ల కిందట చర్మం డాక్టరు చెప్పాకే ఈ గ్లవుజులొచ్చాయి. అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండించింది మాత్రం రేషన్ షాపులో వేలిముద్ర మిషను. ఎన్నిసార్లు వేలు పెట్టినా ఎర్రలైటే. "నీ వేలు చెల్లదమ్మా, మీ ఆయన్ని పంపు" అనేవాడు డీలరు.

ఈ నెల భర్త ఇశ్రాయేలు బయల్దేరబోతే ఆపి, తనే వెళ్లింది. పగుళ్లు మానిన బొటనవేలు కొంగుతో తుడిచి మిషను మీద పెట్టింది. పచ్చలైటు వెలిగి, చీటీ బయటికొచ్చింది. "చూశారా, నా వేలే!" అని వరుసలో అందరికీ బొటనవేలు ఎత్తి చూపించి, చీటీ పట్టుకుని చరచరా నడిచింది.

"అమలమ్మా, బియ్యం!" అని డీలరు కేకేశాడు.

"మా ఆయనొచ్చి మోసుకెళ్తాడులెండి!" అంది, వెనక్కి తిరక్కుండానే.