ఆఫ్రికా చేపలకు గోదావరి జెల్ల

పెళ్ళయిన ఆరో నెలలో మా ఆయన కాకినాడ నుంచి ఆరు ఆఫ్రికా చేపల్ని తెచ్చి, యానాం కనకాలపేటలో మా ఇంటి ముందు గదిలో మూడడుగుల గాజు తొట్టిలో వదిలారు. ఆయన రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్. రోజంతా చెరువు నీళ్ళు పరీక్షించి, ఇంటికొచ్చి తొట్టి నీళ్ళు పరీక్షించేవారు. ఈ చేపలకు సున్నం ఉన్న నీళ్ళు కావాలట. అందుకని గోదారి ఒడ్డున గుల్లలు ఏరుకొచ్చి, కడిగి, అడుగున పరిచారు. నాకు గాజులు కొన్నప్పటి కంటే ఆ గుల్లల్ని ఎక్కువ శ్రద్ధగా ఎంచారు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇంత చేస్తే ఆ చేపలకి బుద్ధుందా? తెల్లారితే కొట్లాటే. వాటిలో పసుపుపచ్చది ఒకటి, తొట్టి మొత్తం తన పేర పట్టా ఉన్నట్టు తిరిగేది. దాని కసంతా వేలెడంత నీలం చేప మీద. ఆ నీలంది తోక చీలికలై, ఫిల్టర్ వెనక నక్కి ఉండేది. మేత వేసినా బయటికి రాదు.

నాకు దాని మీదే ప్రాణం. అత్తగారి వంటింట్లో నా పరిస్థితీ అదే మరి. ఉప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే చాలు, "నీకు తెలీదమ్మా, నువ్వలా కూర్చో" అనేవారు. అది ఫిల్టర్ వెనక, నేను ఫ్రిజ్ పక్కన.

ఒకసారి ఆయన పది రోజుల ట్రైనింగ్‌కి భీమవరం వెళ్తూ, "నేనొచ్చేసరికి ఆరూ ఉండాలి" అన్నారు. "ఆరూ ఉంటాయండి, ఆయ్" అని మాటిచ్చేశాను. లోపల మాత్రం ఆ నీలందొక్కటి బతికితే చాలనుకున్నాను.

మూడో రోజుకి అది ఒక పక్కకి ఒరిగి ఈదుతోంది. భయమేసి, ఆ చేపలమ్మిన కాకినాడ కొట్టతనికి ఫోన్ చేశాను.

"రెండు క్యాట్‌ఫిష్‌లు వేసేయండి మేడమ్‌గారూ. అడుగునే తిరుగుతాయి, గట్టి పిండాలు. వాటి జోలికెళ్తే మీ చేపలకి బుద్ధొస్తాదండి" అన్నాడు.

అతని ఉద్దేశంలో ఉన్నది తన కొట్లో అమ్మే ఆఫ్రికా చుక్కల చేప. ఆ సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు. క్యాట్‌ఫిష్ అంటే ఏమిటో యానాంలో బడి పిల్లల్ని అడిగినా చెబుతారు. మీసాల చేప. జెల్ల!

మార్కెట్లో చేపలావిడ బేసిన్లోంచి జానెడేసి బతికున్న జెల్లల్ని రెండు తీసి, "పులుసుకాండీ, ఇగురుకాండీ?" అంది. పెంచుకోడానికన్నాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఒంట్లో బాగానే ఉందాండి మీకు?"

ఇంటికి తెచ్చి వదిలేసరికి అత్తగారు రానే వచ్చారు. "పులుసులో ఉండాల్సినియ్యి ఇక్కడున్నాయేటే?"

"కాపలాకండీ, అత్తయ్యగారూ."

"జెల్లనా కాపలాకెట్టేది! మీ ఊళ్ళో దొంగలికే తాళాలిత్తారా?" అన్నారు. అంటూనే కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నారు. టీవీ సీరియల్ మానేసి మరీ చూశారు. ఆ చూపులో చింతపండు కనబడుతూనే ఉంది.

పసుపుపచ్చది ఊరుకుంటుందా? కొత్తవాళ్ళ సంగతి తేల్చడానికి జెల్ల మీద పడింది. జెల్ల ముల్లు ఎలా ఉంటుందో మా వైపు అందరికీ తెలుసు. ఆఫ్రికాలో ఎవరూ చెప్పినట్టు లేదు. నోటికి ముల్లు గుచ్చుకుని పసుపుపచ్చది గిరగిరా తిరిగి ఒక మూలకి పోయి పడింది.

"అద్గదీ! కొట్టిందే జెల్లకాయ!" అని అత్తగారు చప్పట్లు కొట్టారు. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆవిడా నేనూ కలిసి నవ్వడం అదే మొదలు. ఆ సాయంత్రం కూరలో ఉప్పు నన్నే వెయ్యమన్నారు.

నాలుగు రోజులు తొట్టిలో రామరాజ్యం. నీలం చేప బయటికొచ్చి అందరితో పాటు మేత తింది. నా గొప్పకి అంతు లేదు. "మీ చేపల కొట్లాట తీర్చేశానండి" అని ఆయనకి ఫోన్‌లో కోతలు కోశాను.

తొమ్మిదో రోజు పొద్దున్న చూస్తే నీలం చేప లేదు. ఫిల్టర్ వెనకా లేదు, గుల్లల్లోనూ లేదు. ఒక జెల్ల పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది.

నేను అక్కడే చతికిలబడి ఏడ్చాను. పసుపుపచ్చది చంపి ఉంటే తిట్టుకునేదాన్ని. ఇది నేను చేజేతులా తెచ్చి పెట్టిన జెల్ల. అత్తగారు దెప్పుతారనుకున్నాను. దెప్పలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టి, "మిగతా అయిదూ దక్కాలా వద్దా?" అంటూ జెల్లల్ని పట్టుకుని పెరట్లోకి పోయారు.

చేపల పులుసు మర్నాటికే రుచి. మర్నాడు ఆయన దిగగానే అత్తగారు తొట్టి వైపు పోనివ్వకుండా పీట వేశారు. ఆయన రెండోసారి కూడా వడ్డించుకుని, వేళ్ళు నాక్కుని, అప్పుడు వెళ్ళి లెక్కపెట్టారు.

"నీలంది ఏదే?"

ఆయన చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలోకి మోచేతి దాకా పెట్టి, ఒక్కో గుల్లా ఎత్తి చూస్తున్నారు. "డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ దానికి ఫిల్టర్ వెనకాలే విడిగా మేతేసేవాణ్ణి. నవ్వుతావని నీకు చెప్పలేదు" అన్నారు. ఆరు నెలల కాపరంలో మా ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు. రాక రాక అప్పుడొచ్చింది.

"అక్కడెతక్కురా" అన్నారు అత్తగారు. "జెల్ల కడుపులో దొరికింది. మందార మొదట్లో కప్పెట్టాను."

అది నాకూ తెలియదు. ఆయన ఆవిణ్ణి చూశారు, పులుసు గిన్నెని చూశారు, పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు చేప ముట్టలేదు.

కనకాలపేటలో మగవాడు మూడు రోజులు చేప మానేస్తే దాగుతుందా? పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, అబ్బాయికి ఒంట్లో బాలేదా అని అడిగింది. అత్తగారు మందార చెట్టుకి నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండా చెప్పారు.

"మాకు మైలండి. ఆఫ్రికా చుట్టం పోయాడు."