కరెంటు పెరిగితే జయమాలకు గుబులు

బీదర్ గంజ్ వెనకాల సందులో సాయంత్రమైతే కరెంటు తగ్గిపోతుందని అందరూ తిట్టుకుంటారు. ఆ రోజు మాత్రం జయమాల ఒక్కతే, అది అట్లాగే తగ్గి ఉండాలని దేవుడికి మొక్కుకుంది.

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయి పదిహేనేళ్లు దాటినా, ఆ సందులో ఆడపిల్ల కూర్చుని చేసే పని అంటే కుట్టుమిషనే. జయమాల ఆ ఇంటికి కోడలిగా వచ్చాక వీధి గదిలో టైపు మిషన్లు పెట్టింది. మొగుణ్ని పోరి పోరి ఒక కంప్యూటరూ తెప్పించింది. నిలకడగా ఉండడం ఆమెకు చేతకాదు. అన్నం తింటూ కూడా లేచి గడప దాకా వెళ్లొచ్చే మనిషి. ఆ గది మీద మొగుడి అన్న, బావ శంకర్‌రావుకు ఎప్పటినుంచో కన్నుంది. ఆయనది పప్పుల టోకు వ్యాపారం.

"అమ్మాయిలు చేరితే సరే. లేకుంటే రేపట్నుంచి ఆ గదిల కందుల బస్తాలు దించుత" అన్నాడు.

కంప్యూటర్ చూడడానికి పిల్లల తండ్రులు ఆ సాయంత్రమే వస్తున్నారు. సరిగ్గా అప్పుడే అది మొండికేసింది.

మొన్న హైదరాబాద్ నుంచి జీవరాజ్ అనే మెకానిక్ వచ్చి, లోపల కొత్త హార్డ్ డిస్కు బిగించి బస్సెక్కి పోయాడు. అప్పటినుంచి పొద్దున బాగానే లేస్తుంది. సాయంత్రమైతే గుర్రుమంటుంది, తెర మీద ఒక మెరుపు మెరుస్తుంది, ఆరిపోతుంది. జయమాల మూత విప్పి తీగలు ఒక్కొక్కటే పీకి చూసింది. కొత్త డిస్కు తీగ పీకితే లేచింది, పెడితే పడిపోయింది. పోనీ డిస్కే చెడిందనుకుందామా అంటే పొద్దున ఎట్లా నడిచింది? కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగి, చివరికి ఎదురింటి రేడియో రిపేరు దుర్గప్పను లాక్కొచ్చింది.

దుర్గప్ప మీటరు పెట్టి చూసి, తలెత్తి బల్బును చూశాడు. అది ఆరిపోయే నిప్పులా ఎర్రగా ఉంది.

"డిస్కుకేం రోగం లేదక్కా. అన్నిటికి కరెంటు పంచేది గీ రేకు డబ్బ, పవర్ సప్లై అంటరు. ఇంట్లకు కొత్త కోడలొచ్చింది, పొయ్యి మీద గిన్నె మాత్రం పాతదే. మొన్నటిదాంక ఎట్లనో ఈడ్చింది. ఇప్పుడు బరువెక్కువైంది, వచ్చే కరెంటు సగమే."

"మరేం చెయ్యాలె? వాళ్లొచ్చే యాళ్లయింది."

డబ్బా వెనక చిన్న ఎర్ర మీట ఉంది. ఒకవైపు 230 అని, ఇంకోవైపు సగం కరెంటుకు 115 అని రాసి ఉంది. దుర్గప్ప కరెంటు తీసేసి, మీటను 115 వైపు జరిపి, మళ్లీ వేశాడు. కంప్యూటర్ చక్కగా లేచింది. జయమాల మొహం విప్పారేలోపే అతను మళ్లీ నోరు తెరిచాడు.

"బగ్దల్ దిక్కు పొలాల మోటర్లు నడిచినంత సేపే ఈ సంబరం. ఆడ బంద్ చేస్తే కరెంటంత మనకే వస్తది. అప్పుడు మీట ఇట్లనే ఉంటే ఢాం అంటది. బల్బు తెల్లగైందంటే కతం."

"ఎప్పుడు బంద్ చేస్తరు?"

"ఆ సంగతి వాళ్లకే తెల్వదు. నాకేం తెలుస్తది?" అని తన దుకాణానికి పోయాడు.

తండ్రులు వచ్చి కూర్చున్నారు, శంకర్‌రావు గడపలో నిలబడ్డాడు. కిరాణా బాబురావు కూతురినే కాక తన తల్లి సుందరాబాయిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. జయమాల దగ్గరే టైపు నేర్చుకున్న రిబ్కా కంప్యూటర్ మీద అక్షరాలు కొడుతోంది. జయమాల ఒక చెయ్యి గోడ మీది కంప్యూటర్ స్విచ్ మీద పెట్టి, కళ్లు బల్బుకు అతికించి, నోటితో పాఠం చెబుతోంది.

"ఏందమ్మా పైకి చూస్తవు, బల్లి గిట్ల పడ్తదా?" అన్నాడు బాబురావు.

"గోడ పడ్తదని పట్టుకున్నదిరా. నువ్వు తెర దిక్కు చూడు" అంది సుందరాబాయి.

తెర మీద బాబురావు కూతురి పేరులో రెండక్షరాలు పడ్డాయి. బల్బు ఎరుపు తగ్గి పసుపు తిరిగింది. ఇంకొక్క క్షణం ఆగితే పేరు పూర్తయ్యేది. జయమాల ఆగలేదు, స్విచ్ ఆర్పేసింది. తెర నల్లబడింది. ఆ వెంటనే బల్బు సున్నం కొట్టినట్టు తెల్లగా వెలిగింది.

"మంచిగ కరెంటొచ్చినప్పుడే బంద్ పెడ్తివా? ఇగ చాలు తమాషా" అన్నాడు శంకర్‌రావు.

జయమాల బల్ల వెనక్కి దూరి, మీటను 230 వైపు జరిపి స్విచ్ వేసింది. డిస్కు గుర్రుమంది. ఆగలేదు. రిబ్కా మళ్లీ కొడితే పేరు మొత్తం వచ్చింది.

"రోజూ ఇదే భాగోతమా?" అని అడిగాడు శంకర్‌రావు.

కాదని నమ్మించవచ్చు. జయమాల నోటికి అబద్ధం రాలేదు.

"సాయంత్రం దీన్ని ముట్టనియ్య బావా. పొద్దున కరెంటు బరాబర్ ఉంటది. పొద్దున్నే క్లాసు పెడ్త."

తండ్రులు మొహాలు చూసుకున్నారు. "పొద్దున పిల్ల ఈడికొస్తే రొట్టెలెవరు చేస్తరమ్మా?" అన్నాడు బాబురావు. మిగిలినవాళ్లూ తలలూపారు. జయమాలకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కొంగు మెలిపెట్టింది, విప్పింది.

"రాత్రి చేసి పెడ్తది" అంది సుందరాబాయి. "సద్ది రొట్టె తింటే నీ పండ్లేమన్న ఊడుతయారా? మీ నాయిన బతికినన్ని దినాలు అదే తిన్నడు."

బాబురావు మెడ రుద్దుకున్నాడు. "ఎన్నింటికి పంపాలెనమ్మా?" అని అడిగాడు. ఆయన అడిగాక మిగిలినవాళ్లూ అడిగారు.

అందరూ వెళ్లాక శంకర్‌రావు చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగాడు. "అంటే రేపట్నుంచి మనింట్ల గూడ సద్ది రొట్టెలేనా?"

"అంతే బావా" అంది జయమాల. అప్పటికే పిండి కలపడానికి లోపలికి నడుస్తోంది.