ఐదు నెలల తేడా

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లున్నాయనగా, ఒక చలికాలంలో, సికింద్రాబాద్‌లోని ఒక మున్సిపల్ వార్డుకు నన్ను రిటర్నింగ్ ఆఫీసరుగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. నేను గణాంక శాఖలో డిప్యూటీ డైరెక్టర్ని. జననాలు, మరణాలు, వానలు, పంటలు లెక్కపెట్టడం నా వృత్తి. ఎన్నికలు వచ్చాయంటే ఏ శాఖ గెజిటెడ్ అధికారినైనా పట్టుకుపోతారు. నామినేషన్లు తీసుకోవడం మొదలుకొని, గెలిచినవారి చేతిలో ధ్రువపత్రం పెట్టేదాకా ఆ వార్డు బరువంతా ఆ అధికారిదే. పోలింగు రోజు హడావుడి అందరికీ కనిపిస్తుంది కానీ, అసలు కత్తి మీద సాము నామినేషన్ల పరిశీలన రోజున. ఆ ఒక్కరోజు రిటర్నింగ్ ఆఫీసరు సగం న్యాయమూర్తి. ఎవరు పోటీలో ఉంటారో, ఎవరు ఇంటికి పోతారో ఆయన పెన్ను తేలుస్తుంది.

నాకు సహాయకుడిగా, అంటే అసిస్టెంట్ రిటర్నింగ్ ఆఫీసరుగా, రెవెన్యూ శాఖ నుంచి యూసుఫ్ గారు వచ్చారు. మౌలాలిలో పుట్టి పెరిగిన మనిషి. అప్పటికే ఏడెనిమిది ఎన్నికలు చేసినవాడు. నాకది మొదటిది. అయినా హోదాలో నేను పైవాణ్ణి కాబట్టి అంతా తెలిసినట్టే ఉండేవాణ్ణి. ఆయన ఆ సంగతి కనిపెట్టి కూడా బయటపడేవాడు కాదు.

మున్సిపల్ ఎన్నికల్లో ఒక నిబంధన ఉంది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లల్ని కన్నవారు పోటీకి అనర్హులు. జనాభా అదుపు కోసం పెట్టింది. మూడో బిడ్డను ఎవరికైనా దత్తత ఇచ్చినా లెక్క తగ్గదు. ఇంకొకరి బిడ్డను తెచ్చి పెంచుకుంటే లెక్క పెరగదు. కన్నారా లేదా అన్నదే ప్రశ్న. నామినేషనులో పిల్లల పేర్లు రాసే గడి ఉండదు. చట్ట ప్రకారం నేను అనర్హుణ్ణి కాను అన్న అచ్చు వాక్యం కింద సంతకం పెడితే సరిపోతుంది. ఎవరైనా అభ్యంతరం చెబితేనే పిల్లల లెక్క బల్ల మీదికి వస్తుంది.

ఆ నిబంధన అంటే నాకు మహా ఇష్టం. జనాభా పట్టికల మధ్య జీవితం గడిపినవాణ్ణి. ప్రభుత్వం గట్టిగా పట్టుబడితే తప్ప జనం మాట వినరని కాలేజీల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. మాకు ఒక్కతే అమ్మాయి. "మీరు ఇంట్లోనూ గ్రాఫు గీసుకునే కాపురం చేశారు" అని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

పరిశీలన పద్మారావు నగర్‌లోని ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. అభ్యర్థి, ప్రతిపాదించిన ఓటరు, మరొకరు, అంతవరకే లోపలికి అనుమతి. ఉదయం పదకొండింటికి మొదలుపెట్టాను. మొదటి అభ్యంతరం ఒక కాంట్రాక్టరు మీద వచ్చింది. ఆయనకు ముగ్గురు కొడుకులని ఎదుటివాళ్లు జనన రిజిస్టరు నకళ్లు పెట్టారు. కాంట్రాక్టరు ఏమాత్రం తడుముకోలేదు. తెల్లకాగితం తీసుకుని, మూడోవాడు నా కొడుకు కాదు, మా తమ్ముడి కొడుకు అని గబగబా రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. రిజిస్టరులో తండ్రి పేరు స్పష్టంగా ఆయనదే. నామినేషన్ తిరస్కరించాను. అభ్యంతరం వచ్చిన నామినేషన్ మీద ఏది తేల్చినా కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ ఉత్తర్వు నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆయన రాసిన వాక్యాన్ని కూడా ఉత్తర్వులో ఎత్తి రాశాను. చక్కటి ఉత్తర్వు రాశానని నన్ను నేను మెచ్చుకున్నాను.

తరువాతి నామినేషన్ స్వరూపది. మెట్టుగూడలో టైలరింగ్ షాపు నడిపే మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త రైల్వేలో ఫిట్టరు. ఆయనే ఆమెను ప్రతిపాదించిన ఓటరు కూడా. ఏ పార్టీ లేదు. బస్తీలో మురుగునీళ్లు ఇళ్లలోకి వస్తుంటే రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి పైపులు వేయించింది. ఆ ఊపుతోనే ఇండిపెండెంటుగా దిగింది. ఆమె మీద అభ్యంతరం పెట్టినాయన నర్సింగరావు. అదే బస్తీలో సిమెంటు దుకాణం ఉన్న పెద్దమనిషి, అరవై దాటినవాడు. ఆయన కోడలు ఒక పార్టీ తరఫున నిలబడింది. ఆయన తెచ్చిన కాగితాలు రెండు రకాలు. ఒకటి స్వరూప ఇంటి రేషన్ కార్డు నకలు, రెండోది బడి వాళ్లిచ్చిన సర్టిఫికెట్లు. రెండింటిలోనూ ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి, కొడుకు, చందన అనే చిన్నమ్మాయి. తల్లి పేరు ముగ్గురికీ స్వరూపే.

ఇంక వెతికేదేముంది అనుకున్నాను. తిరస్కరణకు పెన్ను మూత తీశాను. అప్పుడు యూసుఫ్ గారు ఆ సర్టిఫికెట్లను నా ముందుకు జరిపి, మెల్లగా అన్నాడు.

"సార్, జెర ఈ తారీఖులు చూడుండ్రి."

చూశాను. కొడుకు, చిన్నమ్మాయి ఇద్దరూ ఆరో తరగతే. పుట్టిన తేదీల మధ్య తేడా ఐదు నెలలు. ఏ తల్లీ ఐదు నెలల తేడాతో ఇద్దర్ని కనలేదు. జీవితమంతా పట్టికలు చదివి జీతం తీసుకున్నవాణ్ణి, మూడు వరుసల పట్టిక చదవలేకపోయాను. ముగ్గురు అన్న అంకె కనపడగానే కింద ఏముందో చూడటం మానేశాను. అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను. ఆ పూట యూసుఫ్ గారు పక్కన లేకపోతే ఒక అన్యాయం నా సంతకంతో జరిగిపోయేది. ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉన్నాను.

దారి దొరికిందని సంతోషపడి స్వరూపను పిలిచాను. అమ్మా, ఈ చిన్నమ్మాయి మీరు కన్న బిడ్డ కాదని ఒక్క వాక్యం రాసివ్వండి, మీ నామినేషన్ నిలబడుతుంది అని చెప్పాను. ఆమె కాగితం ముట్టుకోలేదు.

"మా ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు సార్. గంతకన్న నేనేం రాయ."

వెనక నుంచి ఆమె భర్త, "రాయి స్వరూపా, ఉత్త కాగితమే కదా" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి, నాకూ యూసుఫ్ గారికీ మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"మా చెల్లె బిడ్డ సార్. కాన్పుల చెల్లె పోయింది. నా కొడుకు అప్పుడు పాలు తాగుతున్నడు, ఇద్దరికీ నేనే ఇచ్చిన. పిల్లకు ఈ సంగతి తెల్వదు. జెర పెద్దగైనంక నేనే చెప్తా అనుకున్న. నేనిప్పుడు రాసిస్తే మీరు బయట బోర్డు మీద అంటిస్తరు కదా. మా పిల్ల తెలుగు మంచిగ చదువుతది."

నాకు చిరాకు వచ్చింది. నిజం చెబుతున్నాను, జాలి కాదు, చిరాకే. అర్హత ఉండి, చట్టం తన వైపుండి, ఒక్క వాక్యం దగ్గర మొండికేస్తే నేనేం చేసేది? ఆ మాటే కొంచెం కటువుగా అన్నాను. రాయకపోతే కొట్టివేయాల్సి వస్తుందన్నాను.

"కొట్టేసుకోండ్రి సార్," అంది. "రెండేండ్లు తిరిగిన మనిషిని, నాకు సుత బాధైతది. కానీ గా ముక్క మాత్రం రాయ."

గంట కిందట ఒకాయన తను కన్న కొడుకును కాదని చిటికెలో రాసిచ్చాడు. ఈమె తను కనని పిల్లను కాదని రాయనంటోంది. రెండు కాగితాలకూ నేను ఉపయోగించినది ఒకే నిబంధన. నాకు ఇష్టమైన నిబంధన.

యూసుఫ్ గారు మళ్లీ ఆదుకున్నాడు. "సార్, రుజువు చేసే పని ఆమెది కాదు కదా. అబ్జెక్షన్ పెట్టినాయనది." నిజమే. అభ్యంతరం చెప్పినవారే రుజువు తేవాలి. రేషన్ కార్డులో ఉన్నంత మాత్రాన కన్నట్టు కాదు. తేదీల తేడా చూపించి నేనే అభ్యంతరం కొట్టివేయవచ్చు కానీ, ఆ కారణం ఉత్తర్వులో రాయాలి. రాస్తే ఆమె రాసినట్టే. అందుకని నర్సింగరావును పిలిచి, మూడో బిడ్డను కన్నది ఈమేనని జనన రిజిస్టరు నకలు తెండి, రేపు పదకొండింటి వరకు గడువిస్తున్నాను అని చెప్పాను. రికార్డులో వాయిదా రాశాను.

ఇంటికి వెళ్లే దారిలో గానీ నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. ఆ నకలులో తల్లి పేరు స్వరూపది ఉండదు, ఆమె చెల్లెలిది ఉంటుంది. అది నర్సింగరావు చేతికే వస్తుంది. నా ముందు పెడితే ఫైల్లో చేరుతుంది, ఫైల్లో చేరిన కాగితానికి ఎవరైనా నకలు అడగవచ్చు. పెట్టకపోయినా బస్తీలో ఇంటింటికీ తిప్పవచ్చు. ఆమె దాచుకున్న సంగతిని నేను నేరుగా ఆమె ప్రత్యర్థి చేతిలో పెట్టాను. చట్టపరంగా నా వాయిదాలో ఒక్క తప్పు లేదు. అన్నం మాత్రం సహించలేదు.

మర్నాడు నర్సింగరావు పదకొండుకు ముందే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. స్వరూప, భర్త గోడ పక్కన కుర్చీల్లో ఉన్నారు. ఆమె కళ్లు చూస్తే రాత్రి నిద్ర లేదని తెలిసిపోతోంది. నకలు తెచ్చారా అని అడిగాను.

"దొరకలే సార్," అన్నాడు నర్సింగరావు.

కావాలంటే ఇంకొక గంట ఇస్తానన్నాను. అనక తప్పదు.

"వద్దు సార్. నా అబ్జెక్షన్ వాపస్ తీసుకుంట. రాసిస్త, కాగితమియ్యుండ్రి."

బల్ల మీదికి వంగి రాస్తుంటే ఆయన పల్చటి తెల్ల చొక్కా జేబు నా కళ్ల ఎదుటే ఉంది. లోపల నాలుగు మడతల కాగితం, దాని మీద ఊదారంగు గుండ్రటి ముద్ర. జనన రిజిస్టరు నకళ్ల మీద వేసే ముద్ర అది. ముందురోజే అటువంటివి మూడు చూశాను. యూసుఫ్ గారు కూడా చూశాడు. ఇద్దరం ఆయన చేతిరాత వైపే చూస్తూ కూర్చున్నాం. ఉద్యోగంలో కనిపించిన కాగితాన్ని అడగకుండా వదిలేయడం నాకు అదే మొదలు, అదే చివర.

ఆయన వెళుతూ స్వరూప కుర్చీ దగ్గర ఆగాడు. "మీ చెల్లె మా దుకాణం ముంగటనే ఆడుకునేది బిడ్డా," అన్నాడు. అంతలోనే గొంతు మార్చి, "గట్లని ఓట్లల్ల వదిలిపెట్ట. చూసుకుందాం" అని నవ్వి వెళ్లిపోయాడు. స్వరూప చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను రాసిన ఉత్తర్వు ఒకటే వాక్యం. అభ్యంతరం ఉపసంహరించుకున్నందున నామినేషన్ ఆమోదించడమైనది. అందులో ఏ పిల్ల పేరూ లేదు.

ఎన్నికలో స్వరూప ఓడిపోయింది. ధ్రువపత్రం నర్సింగరావు కోడలి చేతికే ఇచ్చాను. ప్రచారంలో రెండువైపులా అనరాని మాటలు చాలానే అనుకున్నారని విన్నాను. ఆ పిల్ల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రిటైరయ్యాక పద్మారావు నగర్‌లోనే స్థిరపడ్డాం. పోయిన ఏడాది మా ఆవిడ జాకెట్లు కుట్టించుకోవాలంటే మెట్టుగూడ వెళ్లాం. షాపు పెద్దదైంది. స్వరూప నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది. చందన ఇంటర్ పాసైందని, ఆ వారమే సంగతంతా చెప్పానని అంది. పిల్ల ఆ రోజంతా అన్నం ముట్టలేదట. మర్నాడు వచ్చి ఒకటే అడిగిందట, ఎలక్షన్లప్పుడు నా గురించి ఏం రాసినవమ్మా అని.

"ఏం రాయలే బిడ్డా అన్న సార్. మరి నర్సింగ్ తాత రాసిండా అన్నది. ఆయన సుత రాయలే అన్న. గట్లనా అని, కంచం తెచ్చుకొని నా పక్కన కూసొని అన్నం తిన్నది."

ఆ ముగ్గురికి, యూసుఫ్ గారికి, నర్సింగరావుకు, స్వరూపకు, కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు రాశాను.

పిల్లల సంఖ్యకు ప్రభుత్వం హద్దు పెట్టాలా వద్దా అని ఈమధ్య మళ్లీ చర్చ నడుస్తోంది. తెలిసినవాళ్లు నా అభిప్రాయం అడుగుతుంటారు. జనాన్ని లెక్కపెట్టడం ప్రభుత్వానికి అవసరం, నేను చేసిన పనే అది. చిన్న కుటుంబం మేలని చెప్పడమూ మంచిదే, ఇప్పటికీ చెబుతాను. కానీ ఆ లెక్కను ఒక హక్కుకు ముడిపెట్టినచోట, ఎవరో ఒకరు బల్ల ముందు నిలబడి ఒక పిల్లను నా పిల్ల కాదని రాయాల్సి వస్తుంది. అలాంటి కాగితం ఒకటి తీసుకుని బోర్డు మీద అంటించాను. ఇంకొకటి నాకు దొరకలేదు. నా సర్వీసులో నాకు దొరకనందుకు సంతోషించిన కాగితం అదొక్కటే.