మా అపార్ట్‌మెంట్‌కు నేనే ఎన్నికల కమిషనర్‌ను

దేశానికి ప్రధాన ఎన్నికల కమిషనర్‌ను ఎంపిక చేసే కమిటీలో ముగ్గురుంటారు. ప్రధానమంత్రి, ఆయన ఎంచుకున్న ఒక కేంద్రమంత్రి, ప్రతిపక్ష నాయకుడు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి ఆటో ఎక్కితే వచ్చే మా అపార్ట్‌మెంట్‌లోనూ అచ్చంగా అదే పద్ధతి. ఢిల్లీ వాళ్లు మమ్మల్ని చూసే నేర్చుకున్నారని నా గట్టి నమ్మకం. రుజువు మాత్రం అడగకండి.

మా ప్రధాని అంటే అసోసియేషన్ ప్రెసిడెంటు. మా అపార్ట్‌మెంట్ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల తాతల జొన్నచేను ఉండేది. ఇప్పుడు ఆయన ప్లాట్లు అమ్ముతాడు. లిఫ్టులో ఆయన మీసం ఒక ట్రిప్పులో, ఆయన మరో ట్రిప్పులో వెళ్తారు. కేంద్రమంత్రి ఆయన బావమరిది. ప్రతిపక్షం మూడో అంతస్తులోని లెక్కల మాస్టారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో సగం తెలంగాణకు లెక్కలు నేర్పినవారు. ప్రెసిడెంటు పదవికి పోటీ మాస్టారికీ మీసానికీ మధ్యే.

ఎన్నిక నడపడానికి నా పేరు ప్రతిపాదించింది ప్రెసిడెంటే. కారణం నా మేధస్సు కాదు, నా కారు. నా ఫ్లాటుకు పార్కింగ్ లేదు. ఖాళీగా ఉన్న ఆయన రెండో ఫ్లాటు తాలూకు సెల్లార్ జాగాలో, చల్లటి నీడలో, ఆయన దయతో పెట్టుకుంటున్నాను. మే నెలలో మా వీధిలో కారు నిలిపితే బానెట్ మీద దోసె పోసుకోవచ్చు, తిరగెయ్యాల్సిన పని కూడా ఉండదు.

"మా తమ్ముడు మంచోడు. చెప్తె ఇంటడు," అన్నాడు ప్రెసిడెంటు కమిటీ ముందు.

"నా భయం కూడా అదేనండీ," అన్నారు మాస్టారు.

చేతులెత్తారు. రెండు, ఒకటి. "ఈ లెక్క నేను ఇంట్లోనే చేసుకుని వచ్చానండీ," అని మాస్టారు టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు.

పదవి వచ్చిన గంటలోనే నా నడక మారింది. మా ఆవిడకు వివరంగా చెప్పాను, ప్రధాన ఎన్నికల కమిషనర్‌ను తీసెయ్యాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత పని అని, పార్లమెంటు మొత్తం కూర్చోవాలని.

"నిన్ను తీసుడెందుకు? కారు తియ్‌మంటె సాలదా?" అంది.

అయినా వెనక్కి తగ్గలేదు. వాట్సాప్ గ్రూపులో ఎన్నికల నియమావళి ప్రకటించాను. ఓటింగ్ పూర్తయ్యేదాకా అభ్యర్థులు ఎవరికీ ఏమీ పంచరాదు. బిర్యానీ, చీర, మిఠాయి, అన్నీ రాశాను. నీళ్ల సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఓటింగ్ ఆదివారం పొద్దున. ముందురోజు సాయంత్రమే బోరు ఎండిపోయింది. కొళాయి తిప్పితే భూగర్భంలోంచి దగ్గు వినిపించింది. తెల్లారేసరికి గేటు ముందు హిందూ మహాసముద్రమంత ట్యాంకరు. దాని మీద ప్రెసిడెంటు ఫోటోతో, మీసం ఇరువైపులా అంచులు దాటిన ఫ్లెక్సీ.

మాస్టారు లుంగీతోనే దిగివచ్చారు. "కమిషనర్ గారూ, ఆ ఫోటో ఎవరిదండీ? గంగమ్మ తల్లిదా?"

"నీళ్లు సార్. దప్పికైతె తాగుతరు. నీళ్లకు గూడ నియమావళి ఉంటదా?" అని ప్రెసిడెంటు నా భుజం మీద చెయ్యేశాడు. చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు, "సెల్లార్ల కారు సల్లగున్నదా తమ్మీ?"

కారు కళ్లముందు కాలుతూ కనిపించింది. అయినా ఏ దేవుడు పలికించాడో, "ఓటింగ్ అయ్యాకే నీళ్లు," అనేశాను.

ట్యాంకరు వీధిలోనే నిలబడిపోయింది. దాని వెనక ఆటోలు, పాల వ్యాన్లు, బడంగ్‌పేట్ వెళ్లాల్సిన పెళ్లి బస్సు. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునే పిల్లలు ఆ వరుసను చూసి రన్‌వే అనుకుని దిగబోయారని వినికిడి. పై బాల్కనీలోంచి మా ఆవిడ గొంతు, "కమిషనర్ సాబ్, ఉన్న చెంబెడు నీళ్లు ఒడిసినయ్, నెత్తి మీద నురుగున్నది. ఎవలకు ఓటేస్తె నీళ్లొస్తయో జర చెప్పు."

ఆ మాటతో అన్ని అంతస్తులూ కిందికి దూకాయి. ఓటింగ్ ఎంత త్వరగా ముగిస్తే నీళ్లు అంత త్వరగా. జన్మలో మీటింగుకు రానివాళ్లు కూడా బకెట్లతో వరుస కట్టారు. టిఫిన్ వేళకే అందరి ఓట్లూ పడిపోయాయి.

ప్రెసిడెంటు గెలిచాడు, మామూలుగా కాదు, ఊడ్చేశాడు. నీళ్లు తెచ్చింది ఆయన, ఆపింది నేను. అంతే, జనానికి వేరే ప్రచారం అక్కర్లేకపోయింది.

"ట్యాంకరును లోపలికి రానిచ్చి ఉంటే స్నానాలు చేసి పడుకునేవాళ్లండీ, ఓటుకు సగం మంది వచ్చేవారు కాదు," అన్నారు మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపుతూ. "ఆపి గెలిపించారు. ఈ సూత్రం మా సిలబస్‌లో లేదండీ."

ప్రెసిడెంటు నన్ను కౌగిలించుకున్నాడు. "నీకింత దిమాక్ ఉన్నదని నాకు తెల్వకపాయె. గా జాగ ఇగ నీదే తమ్మీ."

పౌరుషం పొడుచుకొచ్చింది. వెళ్లి కారు తీసి, భగభగలాడే వీధిలో, అందరికీ కనబడేలా నిలిపాను.

మూడో అంతస్తు నుంచి మాస్టారు తొంగిచూశారు. "ఎన్నాళ్లండీ బయట? జనం మర్చిపోయేదాకానా?"

ప్రెసిడెంటు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అలిగినవా తమ్మీ? ఇంకేమన్న గావాల్నా?"

నేను మళ్లీ కారెక్కాను. సీటు అప్పటికే పెనంలా ఉంది. సెల్లార్‌లోకి రివర్స్ చేస్తుంటే బావమరిది వెనక నిలబడి, "రానీ, రానీ, ఇంక రానీ," అంటూ చెయ్యి ఊపాడు.